నూగాకు, నున్నాకు

మా ఆఫీసులో కొత్త ప్రాడక్ట్ మొదలుపెట్టినప్పుడల్లా ఒక మాట వినపడుతుంది: "నేర్చుకున్నది వదిలేయండి." ఈ మాటకో చరిత్ర ఉంది. సంస్థలకి నేర్చుకోవడమే కాదు, పాతబడ్డ జ్ఞానాన్ని వదిలించుకోవడమూ తెలియాలని 1981లో స్వీడన్ పరిశోధకుడు బో హెడ్‌బర్గ్ రాశాడు. అది చదివినప్పుడు నాకు ఏ కంపెనీ గుర్తురాలేదు. గుంటూరు పక్కనున్న లాం ఫారం గుర్తొచ్చింది.

పత్తి ఆకుకి ఒత్తుగా నూగుంటే పచ్చదోమ అంత తేలిగ్గా నిలవదు. రసం పీల్చి, ఆకు అంచులు ఎర్రబారి ముడుచుకుపోయేలా చేసే పురుగు అది. 1920ల్లోనే దక్షిణాఫ్రికాలో పార్నెల్ అనే శాస్త్రవేత్త నూగున్న మొక్కల్ని ఏరి దాన్ని ఎదుర్కొన్నాడు. అప్పట్నుంచీ పత్తి బ్రీడర్లకి నూగంటే గురి. అది తప్పు పాఠమేమీ కాదు.

1980ల్లో మా నల్లరేగళ్లలోకి సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. మొదట్లో కాయ తొలిచే పురుగులు రాలిపడ్డాయి. రైతు నమ్మాడు, మళ్లీ మళ్లీ కొట్టాడు. వాటితోపాటే మిత్రపురుగులూ చచ్చి, తెల్లదోమకి అడ్డు లేకపోయింది. ఈ దోమకేమో నూగాకే ఇష్టం! 1987-88 నాటికి శనగపచ్చ పురుగు కూడా ఆ మందులకి లొంగడం మానేసింది. ఆ ఏడు పంట పోయి, ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఇక్కడ బ్రీడర్ వదులుకోవలసింది ఒక పొరపాటుని కాదు, ఒక నిజాన్ని. తెల్లదోమ సంగతి చూస్తే నున్నటి ఆకే మేలు. పచ్చదోమ వస్తే అదే ఆకు బలి. అంటే పాత పాఠాన్ని పారేయడానికి లేదు. అటక మీద పెట్టి, అవసరమైనప్పుడు దించుకోవాలి. లాం నుంచి వచ్చిన ఎల్.కె. 861, కాంచన తెల్లదోమని తట్టుకునే రకాలుగా పేరు తెచ్చుకున్నాయి.

రైతు సంగతి వేరు. మా తాతకి మందు పేరు చెప్పిందీ, దాన్ని అరువిచ్చిందీ, చివరికి పత్తి కొన్నదీ ఒకటే కొట్టు. మందు పనిచేయడం లేదని ఆయనకి తెలీక కాదు. "ఈసారి కొట్టను" అనాలంటే ముందు ఖాతా తీరాలి. ఖాతా తీరాలంటే పంట రావాలి. పంట రావాలంటే, కొట్టువాడి లెక్కలో, ఇంకో రెండుసార్లు మందు కొట్టాలి. పాత అలవాటు ఆయన బుర్రలో లేదు, ఆ పద్దు పుస్తకంలో ఉంది.

బ్రీడర్‌కి ఒక రకం విఫలమైతే మళ్లీ ఇంకో మడి ఉంటుంది. రైతుకి ఉన్నది ఆ ఒక్క కారే. అందుకే మా మీటింగుల్లో ఎవరైనా "వదిలేయండి" అంటే నేనిప్పుడు ఒకటే అడుగుతున్నాను: వదిలేసిన ఏడాది నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు?