పట్టూ, విడుపూ: బ్రేకు కథ

ఇంటి నుండి బయలుదేరినప్పుడు చక్కగా నడిచిన మోటారు సైకిలు కొన్ని కిలోమీటర్లు పోయేసరికి బరువెక్కుతుంది. యాక్సిలరేటరు ఎంత తిప్పినా వేగం పుంజుకోదు. దిగి చూస్తే వెనుక చక్రం నడిభాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. మాడు వాసన వస్తుంది. తోయబోతే బండి కదలదు. మరమ్మతు దుకాణాలలో ఈ జబ్బుకు "బ్రేకు పట్టేసింది" అని పేరు. పెడలు మీది నుండి కాలు తీసి ఎంతసేపైనా బ్రేకు తన పట్టు వదలలేదన్న మాట. ఇందులో నష్టం పెట్రోలుతో పోదు. తడి రోడ్డు మీద వెనుక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుంటే బండి పక్కకు జారిపోతుంది. అప్పుడు ప్రాణానికే ముప్పు.

తిరిగే చక్రాన్ని ఆపడం ఎలాగన్నది బ్రేకు నిర్మాతల ముందున్న మొదటి ప్రశ్న. ఆపిన పిదప దానిని పూర్తిగా వదలడం ఎలాగన్నది రెండవది. బ్రేకుల చరిత్రలో ఈ రెండవ ప్రశ్నకు మొదటిదానికున్నంత ప్రాముఖ్యం ఉంది.

వేగం వేడిగా మారుతుంది

బ్రేకు వేగాన్ని మాయం చేయదు. కదిలే బండికి గల గతిజశక్తిని ఘర్షణ ద్వారా ఉష్ణశక్తిగా మారుస్తుంది. మనిషితో కలిపి 200 కిలోగ్రాములున్న బండి గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్నదనుకుంటే, దాని గతిజశక్తి సుమారు 28,000 జౌళ్ళు. ఒక కిలో ఉక్కు ఉష్ణోగ్రతను దాదాపు 60 సెంటీగ్రేడు డిగ్రీలు పెంచడానికి ఈ శక్తి చాలు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది బండిని ఒక్కసారి ఆపినప్పటి లెక్క. బ్రేకు పట్టేసినప్పుడు ఇంజను చేసే పనిలో కొంత ఎడతెగకుండా ఇలాగే వేడిగా మారుతూ ఉంటుంది. చక్రం చల్లారడానికి వ్యవధి దొరకదు.

అంచు నుండి నడిమికి

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ నిర్మించిన మోటారు సైకిలుకు చట్రమూ, చక్రాలూ కొయ్యవే. దాని బలం అర అశ్వశక్తి, వేగం గంటకు సుమారు 12 కి.మీ. ఆపాటి వేగాన్ని ఆపడానికి చక్రం మీద ఒక దిమ్మను అదిమితే చాలు. నాటి సైకిళ్ళకు చెంచా ఆకారంలో ఉండి టైరును నొక్కే బ్రేకు ఉండేది. ఇందులో విడుపు సమస్య తక్కువ. నొక్కే భాగం బయటనే, కంటికి కనబడుతూ ఉంటుంది. అయితే 1888లో డన్లప్ పేటెంటు పొందిన గాలి టైరు వ్యాప్తిలోకి వచ్చిన కొద్దీ, టైరును రాచి ఆపే పద్ధతి టైరునే అరగదీయసాగింది. వాన పడితే పట్టు జారేది కూడా.

అందువలన బ్రేకు చక్రపు అంచును విడిచి నడిమికి చేరింది. నేటి డ్రమ్ము బ్రేకుకు 1902లో రూపమిచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడు లూయీ రెనో. చక్రంతో పాటు తిరిగే గిన్నె వంటి భాగం డ్రమ్ము. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి. మోటారు సైకిలు పెడలు నొక్కితే ఒక కడ్డీ కదిలి, కామ్ అనే చిన్న ఇనుప ముక్కను తిప్పుతుంది. కామ్ షూలను ఎడం చేసి డ్రమ్ముకు అదుముతుంది. కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కు లాగుతాయి.

డ్రమ్ము బ్రేకులో ఒక విశేషముంది. తిరిగే డ్రమ్ము రెండు షూలలో ఒకదానిని తన వెంట ఈడ్చుకొని, తనకే మరింత గట్టిగా అదుముకొంటుంది. కాలితో కొద్దిగా నొక్కినా మంచి పట్టు దొరకడానికి ఇదే కారణం. కాని మేలు చేసే గుణమే కీడు కూడా చేస్తుంది. గ్రీజు ఎండి, కామ్ ఇరుసు తుప్పు పట్టి, షూ కొద్దిగా వెనక్కు రాకపోయినా సరే, డ్రమ్ము దానిని మళ్ళీ లోనికి ఈడ్చుకుంటుంది. మరొక కారణం చైను. వదులైన చైనును బిగించడానికి వెనుక చక్రాన్ని వెనక్కు జరుపుతారు. దానితో బ్రేకు కడ్డీ కూడా లాగబడుతుంది. చైను బిగించిన పిమ్మట కడ్డీ చివరి నట్టును సరిచేయడం మరచిపోతే, ఎవరూ నొక్కకుండానే బ్రేకు పడుతుంది.

షూల మీది లైనింగుదీ ఒక కథ. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ బ్రేకు లైనింగుల తయారీ మొదలుపెట్టాడు. నూలు, తోలు వంటివి వేడికి మాడిపోతాయి కనుక, తరువాతి దశాబ్దంలో వేడిని తట్టుకునే ఆస్బెస్టాసు వచ్చింది. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమని తేలిన పిదప అనేక దేశాలు దానిని నిషేధించాయి. పాత డ్రమ్మును విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి.

ద్రవం ప్రవేశం

మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని బ్లేజ్ పాస్కల్ చూపాడు. ఆ విషయం చెప్పే ఆయన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడు, 1663లో, వెలువడింది. రెండున్నర శతాబ్దాల తరువాత అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ ఈ సూత్రాన్ని బ్రేకులకు అన్వయించాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వచ్చింది.

డ్రమ్ముకు బదులు బయటి గాలికి చల్లారే పళ్ళెం వాడాలన్న ఊహ పాతదే. 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలవడంతో దానికి పేరు వచ్చింది. 1969లో హోండా సి.బి. 750 మోటారు సైకిలు ముందు చక్రానికి డిస్కు అమర్చారు, వెనుక మాత్రం డ్రమ్మే. 1975 నాటి గోల్డ్ వింగ్ బండికి వెనుక కూడా డిస్కు వచ్చింది.

డిస్కు బ్రేకులో షూలను లాగే స్ప్రింగుల వంటివి లేవు. మరి విడుపు ఎలా? పిస్టను చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. పిస్టను ముందుకు జరిగినప్పుడు ఈ సీలు కొద్దిగా వంగుతుంది. పీడనం తగ్గగానే తన మొదటి రూపానికి వస్తూ పిస్టనును వెనక్కు లాగుతుంది. ఆ కదలిక మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే.

రెండవ ఏర్పాటు పెడలు దగ్గరి మాస్టర్ సిలిండరులో ఉంది. ద్రవపు తొట్టికీ, సిలిండరుకూ మధ్య ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడలు పూర్తిగా వెనక్కు వచ్చినప్పుడే అది తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ద్రవం దాని గుండా తొట్టిలోకి పోతుంది. పెడలుకు ఫ్రీ ప్లే అనే ఖాళీ కదలిక లేకుండా బిగించినా, రంధ్రానికి మురికి అడ్డుపడినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కొద్దిపాటి రాపిడి వేడిని పుట్టిస్తుంది. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. వ్యాకోచం ప్యాడ్లను ఇంకా అదుముతుంది. రాపిడి పెరుగుతుంది. బయలుదేరినప్పుడు బాగున్న బండి కొంత దూరం పోయాక పట్టేయడానికీ, చల్లారిన పిదప తనంతట వదలడానికీ ఒక ముఖ్య కారణం ఇదే.

దోషం ఎక్కడ?

మరమ్మతుకు ముందు దోషం ఉన్న చోటు కనుగొనాలి. బండిని చల్లారనిచ్చి, వెనుక చక్రం నేలకు తగలకుండా నిలిపి, చేతితో తిప్పి చూడాలి. డ్రమ్ము బ్రేకైతే కడ్డీ చివరి నట్టు వదులు చేయాలి. చక్రం వదిలితే దోషం పెడలులోనో, కడ్డీ బిగింపులోనో ఉంది. వదలకపోతే డ్రమ్ము లోపల ఉంది. డిస్కు బ్రేకైతే, చక్రం ఇంకా బిగుసుకుని ఉన్నప్పుడే, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, కాలిపరు మీది బ్లీడరు మరను కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం తేలికగా తిరిగితే పీడనం లోపల చిక్కుకున్నదని అర్థం. అప్పుడు పెడలు, మాస్టర్ సిలిండరు, గొట్టం పరీక్షించాలి. అయినా వదలకపోతే కాలిపరులో పిస్టనో, జారుడు పిన్నులో తుప్పు పట్టి ఉండవచ్చు. రెండు పద్ధతులలోనూ తర్కం ఒక్కటే: గొలుసును మధ్యలో తెంచి, దోషం ఏ సగంలో ఉన్నదో చూడడం. మరను మళ్ళీ బిగించి, గాలి లేకుండా చేసి, బ్రేకు పట్టునూ విడుపునూ పరీక్షించిన తరువాతనే బండి నడపాలి.

వాడుకలో బ్రేకు ఆయిలు అనే ద్రవం సాధారణంగా నూనె కాదు, గ్లైకాల్ జాతి రసాయనం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పిస్టనుకు తుప్పు తెచ్చేది ఆ తేమే. కనుక తయారీదారు చెప్పిన గడువుకు ద్రవాన్ని మార్చాలి. దానికి బదులు ఇంజను ఆయిలు పోస్తే సీళ్ళు ఉబ్బి, బ్రేకు పట్టేస్తుంది.

ఘర్షణ, పాస్కల్ సూత్రం, ఉష్ణ వ్యాకోచం, తులాదండం: ఈ నాలుగు పాఠాలకూ బడి ఆవరణలో నిలిపిన ఒక మోటారు సైకిలు చాలు. పెడలును చేతితో మెల్లగా నొక్కి, బ్రేకు పట్టేవరకు అది ఎంత దూరం ఊరకే కదులుతుందో విద్యార్థుల చేత కొలిపించవచ్చు. ఆ కొద్ది ఖాళీ ఎందుకు ఉంచారో చెప్పగలిగిన విద్యార్థికి బ్రేకు అర్థమైనట్లే.