ప్రేగులోని పుండును చూచుట ఎట్లు?

ఎక్స్ కిరణముల చిత్రములో ఎముక స్పష్టముగా కనబడును; ప్రేగు కనబడదు. ఎముకలోని కాల్షియము పరమాణు సంఖ్య 20. ప్రేగు గోడలో ముఖ్యముగా నుండు ఉదజని, కర్బనము, నత్రజని, ఆమ్లజనులలో దేనికిని ఈ సంఖ్య 8కి మించదు. పరమాణు సంఖ్య హెచ్చిన కొలది ఆ పదార్థము ఈ కిరణములను ఎక్కువగా పీల్చుకొనును. కనుకనే 1895లో రాంట్‌జెన్ ఈ కిరణములను కనుగొన్న పిదప ప్రేగును చూచుటకు వేరొక ఉపాయము కావలసి వచ్చెను.

1896లో అమెరికాలో హార్వర్డు వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ ఈ పని ప్రారంభించెను. బిస్మతు లవణము కలిపిన మేతను జంతువులకు పెట్టి, అది లోపల కదలు తీరును తెరపై చూచెను. బిస్మతు పరమాణు సంఖ్య 83. 1910లో జర్మనీ శాస్త్రజ్ఞులు దానికి బదులు బేరియం సల్ఫేటును ప్రవేశపెట్టిరి. ఇది నీటిలో కరగదు. కనుక రక్తములో చేరి విషము కాజాలదు.

1913లో స్కాట్లండు శస్త్రవైద్యుడు డాల్జియెల్, క్షయను పోలియు క్షయ కాని ప్రేగువాపు నొకదానిని వర్ణించెను. 1932లో న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గు, ఓపెన్‌హైమరులు చిన్న ప్రేగు చివర కలుగు ఇట్టి వాపును ప్రత్యేక వ్యాధిగా నిరూపించిరి. అదియే నేటి క్రోన్ వ్యాధి. 1934లో కాంటర్ అను వైద్యుడు, వాచి ఇరుకైన ప్రేగులో బేరియము సన్నని దారమువలె కనబడునని చూపెను.

పిల్లలలో ఈ వ్యాధికి కడుపునొప్పి, విరేచనములే గురుతులు కావు. కొందరిలో ఎదుగుదల ఆగిపోవుటయే మొదటి గురుతు. ఇది దీర్ఘవ్యాధి గనుక చిత్రములు పలుమార్లు తీయవలసి వచ్చును. ఎక్స్ కిరణముల కీడు ఎదిగే పిల్లలకు అధికము. 2005లో ఐరోపా శిశువైద్యులు పోర్టో నియమములలో చిన్న ప్రేగుకు బేరియం చిత్రమునే సూచించిరి. 2014లో సవరించినపుడు ఎం.ఆర్.ఐ.కి ప్రాధాన్యమిచ్చిరి. ఇందులో అయస్కాంత క్షేత్రము, రేడియో తరంగములు మాత్రమే పనిచేయును. అయితే బిడ్డ కదలక పడుకొనవలెను, ఖర్చును ఎక్కువ. అతిధ్వని పరీక్ష చౌక. ప్రేగు గోడ మందము 3 మిల్లీమీటర్లు మించినచో వాపును అనుమానింతురు.

మన దేశములో మరియొక చిక్కు కలదు. ప్రేగుల క్షయయు తరచుగా ఇదే చోట సోకును. క్రోన్ వ్యాధిని క్షయ యని తలచినచో ఎదగవలసిన నెలలు వృథా యగును. క్షయను క్రోన్ వ్యాధి యనుకొని రోగనిరోధక శక్తిని తగ్గించు మందులిచ్చినచో క్షయ విజృంభించును. చిత్రము దారి చూపును గాని ఒంటరిగా తీర్పు చెప్పజాలదు. ఎండోస్కోపుతో ప్రేగును చూచి, చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలెను. హైదరాబాదులో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో ఈ వ్యాధులకు ప్రత్యేక విభాగము కలదు.

ఎంత గొప్ప యంత్రమున్నను, బిడ్డ దానిని చేరిననే ఫలము. జవహర్‌నగర్ వంటి శివారు ప్రాంతపు పాఠశాలలోనైనను, పిల్లల ఎత్తు, బరువులను ఏటేట వ్రాసి ఉంచు ఉపాధ్యాయుడు, ఎదుగుదల నిలిచిన బిడ్డను అందరికంటె ముందుగా గుర్తింపగలడు.