గ్రాఫిక్స్ బాగున్నాయి గానీ...

సినిమా వదిలాక బయటికొచ్చే జనం ఇచ్చే తీర్పులు రెండే. ఒకటి "గ్రాఫిక్స్ కేక". రెండోది "గ్రాఫిక్స్ చెత్త". మా వైజాగ్ జగదాంబ జంక్షన్లో పార్కింగ్ నుంచి బండి బయటికి తీసేలోపు ఈ రెండు మాటలూ కనీసం పదిసార్లు వినిపిస్తాయి. (కొత్తవాళ్ళ కోసం: ఆ జంక్షన్‌కి పేరొచ్చింది అమ్మవారి గుడి వల్ల కాదు, జగదాంబ థియేటర్ వల్ల. సినిమా అంటే ఈ ఊరికి ఎంత పిచ్చో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.)

నేను సినిమా పండితుణ్ణి కాదు. మాంత్రికుడు, రాక్షసుడు, గుహ, నిధి వీటిల్లో ఏ రెండున్నా టికెట్ కొనేసే బాపతు. అలా చూస్తూ చూస్తూ నాకో అనుమానం మొదలైంది. గ్రాఫిక్స్ బాగుండటానికీ, మనం ఆ మాయని నమ్మడానికీ సంబంధం ఉందా అసలు? డెబ్భై ఏళ్ళ నాటి లడ్డూలు ఇప్పటికీ నమ్మబుద్ధేస్తాయి. వందల కోట్ల రాక్షసుడు మాత్రం మొన్న చూస్తే ఇవాళ గుర్తు లేడు. కంప్యూటర్లతో పొట్ట పోసుకునేవాణ్ణి కాబట్టి నాకు తోచిన సమాధానం కూడా మన ఆఫీసు భాషలోనే ఉంది. ముందే తేల్చుకుని చేసిన మాయ పండింది, "తర్వాత చూద్దాంలే" అన్న మాయ ఎండింది. కావాలంటే చరిత్ర చూడండి.

పాతాళభైరవి 1951లో వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత మన ఉత్తరాంధ్ర రాజాంలో పుట్టిన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్‌ట్లే. ఆరేళ్ళ తర్వాత ఇదే ముగ్గురూ కలిసి మాయాబజార్ (1957) చేశారు. అప్పట్లో కంప్యూటర్ లేదు సరే, తీసింది ఎలా వచ్చిందో అక్కడికక్కడే చూసుకునే మానిటర్ కూడా లేదు. ఉన్నదల్లా కెమెరా, ఫిల్ము, లాబ్. మనిషి మాయమవ్వాలంటే కెమెరా ఆపాలి, మనిషిని పక్కకి పంపాలి, మిగతా వాళ్ళెవరూ కదలకుండా బిగుసుకుని ఉండాలి, మళ్ళీ కెమెరా తిప్పాలి. ఒకే మనిషి తెర మీద రెండు చోట్ల కనబడాలంటే సగం లెన్సు మూసి ఓసారి తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, రెండో సగం మూసి మళ్ళీ తీయాలి. రెండోసారి తేడా వచ్చిందా, మొదటిసారి తీసింది కూడా గోవిందా. అన్‌డూ బటన్ లేదన్నమాట.

మాయాబజార్‌లో ద్వారకా నగరం కనిపించే షాట్ ఉంది కదా, దాని కోసం 50 అడుగులకి 60 అడుగుల జాగాలో దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టారు. ప్రతి ఇంట్లో విడివిడిగా దీపం వెలగాలని బార్‌ట్లే పట్టుబట్టారు. తెర మీద అది ఉండేది కొన్ని క్షణాలే. ఆ కొన్ని క్షణాల కోసం కరెంటు వైరు ఎటు లాగాలో కూడా ముందే అనుకోవాల్సి వచ్చింది.

ఇంత కష్టం కాబట్టే, ఏ ట్రిక్కు ఎందుకో తేల్చుకోకుండా ఎవరూ కెమెరా ముట్టుకునేవారు కాదు. మాయాబజార్‌లో ఉన్న మాయలన్నీ ఒకే పని మీద ఉంటాయి: లక్ష్మణకుమారుడి పెళ్ళి చెడగొట్టడం, శశిరేఖని అభిమన్యుడికి కట్టబెట్టడం. గిల్పం తిరిగినా, గింబళి చుట్టుకున్నా అది ఎవరి మీద ప్రయోగమో మనకి తెలుసు, వాళ్ళకలా కావాల్సిందే అని కూడా మనకి ఉంటుంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్తుంటే "ఇదెలా తీశారబ్బా" అని ఆలోచించం, నవ్వుతాం. ఆలోచన ఇంటికొచ్చాక మొదలవుతుంది. 2010లో హైదరాబాదుకి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్ళు ఈ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. రంగులు రాకముందు నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే కదా, వచ్చాక కొత్తగా నమ్మడానికి!

ఇంకో మాట. విజయా వారిది జీతాల వ్యవస్థ. ఎన్టీఆర్ కూడా మొదట్లో అక్కడ నెల జీతగాడే. రచయిత, దర్శకుడు, కెమెరామాన్ ఒక చోట కూర్చుని నెలల తరబడి కథ నలిపేవారు. ట్రిక్కు చేయాల్సినవాడు కథ చెప్తున్నప్పుడే ఆ గదిలో ఉండేవాడు. దీన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక విఠలాచార్య. ఉడుపి నుంచి వచ్చి తెలుగువాళ్ళకి "జానపద బ్రహ్మ" అయిపోయాడాయన. బందిపోటు (1963), అగ్గి పిడుగు (1964), చిక్కడు దొరకడు (1967), గండికోట రహస్యం (1969), జగన్మోహిని (1978)... లిస్టు పెద్దదే. విజయా వారి డబ్బు లేదు, అంత టైమూ లేదు. కాళ్ళని కట్టెల్లా పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యం ఆయన సినిమాల్లోదే. బొమ్మ అని తెలిసిపోతూనే ఉంటుంది, అయినా జడుసుకుంటాం. డేట్ల దగ్గర ఏడిపించిన నటుడి పాత్రని శాపం పెట్టి ఏ పక్షిగానో మేకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవాడని ఆయన గురించి ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ, రిసోర్స్ ప్రాజెక్టు వదిలేసి పోతే డెలివరీ ఆగకుండా చూసుకోవడం అంటే ఇదే! ఇక్కడ కూడా మాయ కథకి అవసరమై వచ్చింది. అలంకారానికి పెట్టేంత డబ్బు ఆయన దగ్గర లేదు కాబట్టి.

1993లో జురాసిక్ పార్క్ వచ్చి లెక్కలన్నీ మార్చేసింది. రెండు గంటల పైచిలుకు సినిమాలో డైనోసార్లు కనబడేది సుమారు 15 నిమిషాలు, అందులో కంప్యూటర్ తయారుచేసింది 6 నిమిషాలు మాత్రమే. మిగతావి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన నిలువెత్తు మరబొమ్మలు. కానీ ప్రపంచమంతా అందులోంచి నేర్చుకున్న పాఠం "కంప్యూటర్ ఉంటే ఏదైనా చూపించొచ్చు" అన్నది. ఏదైనా చూపించగలిగినప్పుడు ఏది చూపించాలి అన్న ప్రశ్న వెనకబడిపోతుంది.

మన దగ్గర దీనికి చక్కటి ప్రయోగం ఒకటి జరిగింది. అదే నిర్మాత (శ్యాంప్రసాద్ రెడ్డి), అదే దర్శకుడు (కోడి రామకృష్ణ), మూడు సినిమాలు. అమ్మోరు 1995, అంజి 2004, అరుంధతి 2009. అమ్మోరు పెద్ద హిట్టు. అంజికి చిరంజీవి ఉన్నాడు, ఏళ్ళ తరబడి తీశారు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆడలేదు. అరుంధతి మళ్ళీ సూపర్ హిట్టు. గ్రాఫిక్సే సినిమాని ఆడిస్తాయంటే మధ్యలో సినిమా ఎందుకు పోయింది?

నా మటుకు నాకు అనిపించేది ఇది. అమ్మోరులో సౌందర్య పాత్రకి దిక్కు లేదు. ఇంట్లోవాళ్ళే శత్రువులు. అమ్మవారు ఎప్పుడొస్తుందా అని మనమే ఎదురు చూస్తాం, గ్రాఫిక్స్ వచ్చేసరికి మన మొక్కు తీరినట్టుంటుంది. అరుంధతిలో పశుపతి గోడ వెనక ఉన్నాడని తెలుసు, వాడు బయటికి రాకూడదని భయం. రెండిట్లోనూ మనకి ఏదో ఒకటి కావాలి, లేదా ఏదో ఒకటి వద్దు. అంజిలో ఆత్మలింగం ఒక వస్తువు. అది ఎవరి చేతికి చిక్కుతుంది అన్నది ఆటే గానీ మన ప్రాణం మీదికి రాదు. ఆ క్లైమాక్స్‌ని ఇప్పటికీ మెచ్చుకుంటాను, కానీ ఒక్కసారి కూడా భయపడలేదు.

నమ్మకం కుదరాలంటే ఇంకోటి కూడా ఉంది, బరువు. ఇది వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా తెలుస్తుందని నా నమ్మకం. 1933 నుంచి పోర్టు ఉన్న ఊరు. ఖనిజం ఎత్తుకెళ్ళడానికి వచ్చిన ఓడ హార్బర్ కాలవలో మలుపు తీసుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఉక్కునగరంలో పెరిగినవాళ్ళకి గోదావరి, కృష్ణ అంటే నదులే కాదు, బ్లాస్ట్ ఫర్నేసులు కూడా. కరిగిన ఇనుము ఎలా పారుతుందో వాళ్ళ ఇళ్ళల్లో భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం. అలాంటివాడి ముందు తెర మీద ఓడ షేర్ ఆటోలా గిర్రున తిరిగితే, లావా టమాటా సాస్‌లా జారితే, వాడు ఏ సాంకేతిక పదమూ వాడకుండానే పెదవి విరిచేస్తాడు.

దీనికి ఈ ఊరి సినిమానే ఉదాహరణ, ఘాజీ (2017). కల్పిత లోకం కాదు గానీ, గ్రాఫిక్స్ మీదే నిలబడాల్సిన సాహసగాథ. 1971 డిసెంబరులో వైజాగ్ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన సంగతి చుట్టూ అల్లిన కథ. రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి, తలుపుల్లాంటి ఆ గుండ్రటి కంతల్లో మోకాళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో లక్షల్లో ఉంటారు. వాళ్ళకి దొంగ జలాంతర్గామి చూపిస్తే దొరికిపోతారు. దర్శకుడు సంకల్ప్ రెడ్డి ఏం చేశాడు? కథలో ఎక్కువ భాగం సెట్ వేసిన ఇరుకు గదుల్లోనే నడిపించాడు. బయట సముద్రం అవసరమైనప్పుడే కనబడుతుంది. లోపల మనుషులు ఊపిరి బిగబట్టారు కాబట్టి మనమూ బిగబట్టాం. ఆయనే మరుసటి ఏడాది అంతరిక్షం (2018) తీశాడు. హద్దుల్లేని ఆకాశం దొరికింది, సినిమా మాత్రం ఘాజీ స్థాయిలో ఆడలేదు.

హద్దు ఉంటే మంచిదే అనడానికి ఈగ (2012) ఇంకో సాక్ష్యం. హీరో ముందే చచ్చిపోతాడు. మిగతా సినిమా అంతా మాట్లాడలేని, ముఖంలో కవళికలు లేని ఈగ. రాజమౌళి బృందం అసలైన ఈగల్ని ఫ్రిజ్‌లో పెట్టి, స్పృహ తప్పాక ఫోటోలు తీసింది. ముఖం లేకుండా భావం ఎలా పలికించాలో పిక్సార్ వాళ్ళ లక్సో జూనియర్ (1986) అనే బుల్లి సినిమాలోని టేబుల్ లాంపు నుంచి నేర్చుకుంది. ఈగకి ఏం కావాలో (విలన్‌ని చంపడం) మొదటి అరగంటలో తేలిపోయింది. ఇక అది రెక్క విదిల్చినా మనకి అర్థమే.

దీనికి సరిగ్గా ఎదురు ఆదిపురుష్. 2022 అక్టోబరులో టీజర్ చూసి జనం గోల చేశారు, సంక్రాంతికి రావాల్సింది 2023 జూన్‌కి వాయిదా వేసి గ్రాఫిక్స్ మళ్ళీ చేయించారు. అయినా తిట్లు తప్పలేదు. షూటింగ్ అయ్యాక రాక్షసుడి రూపం మార్చడం అంటే బిల్డింగ్ కట్టాక పునాది మార్చడమే. ఇది మనలో ఎంతమందికి కొత్త విషయం చెప్పండి?

అసలు నాకు బాధనిపించే సంగతి ఇక్కడుంది. "తర్వాత చూద్దాంలే" అన్నదానికి బిల్లు ఎవరు కడుతున్నారు? 2013 ఫిబ్రవరి 24న లైఫ్ ఆఫ్ పైకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ లాస్ ఏంజెలెస్ కంపెనీ, మన హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. సరిగ్గా అదే నెలలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వేదిక మీద అవార్డు తీసుకున్నాయన ఆ మాట ఎత్తబోతుంటే జాస్ సినిమా సంగీతం వాయించి ఆపేశారు. బయట రోడ్డు మీద ఆ పని చేసే కళాకారులు నిరసన చేస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగుళూరులోనే వేల మంది ఉద్యోగాలు పోయాయి.

ఈ వ్యాపారంలో ఎక్కువగా నడిచేది ఫిక్స్‌డ్ బిడ్. ఇన్ని షాట్లకి ఇంత అని ముందే రేటు. దర్శకుడు ముప్ఫైసార్లు మార్చమంటే ముప్ఫైసార్లూ మార్చాలి, రిలీజ్ డేటు మాత్రం కదలదు. రాత్రిళ్ళు మేలుకునేది మాదాపూర్‌లోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉన్న పాతికేళ్ళ కుర్రాడు. వాడికి కథ ఏంటో కూడా తెలీదు, ఆ షాట్ నంబరు ఒక్కటే తెలుసు. కథ చెప్తున్న గదిలో బార్‌ట్లే ఉన్నాడు, వీడు లేడు. డెబ్భై ఏళ్ళలో మారింది యంత్రం ఒక్కటే కాదు, ఇది కూడా.

అందుకని సినిమా చూసి గ్రాఫిక్స్ చెత్తగా ఉన్నాయనిపిస్తే, ఆ షాట్ చేసినవాణ్ణి తిట్టకండి. ఆ షాట్ ఎందుకో చివరిదాకా తేల్చుకోనివాణ్ణి తిట్టండి. రిక్వైర్మెంట్ లేకుండా కోడ్ రాయమంటే ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ పని ఎలా వస్తుందో కూడా మనకే తెలుసు. తేడా ఒక్కటే, మన బగ్గులు 70 ఎంఎం తెర మీద కనబడవు :)