ఎడారిలో దొరికిన మొక్క ఎవరిది?

ఈ రోజు ఎపిసోడ్ ఎడారి మొక్కల మీద. బొద్దుగా ఆకులుండి, నీళ్లు పోయడం మర్చిపోయినా బతికేసే మొక్కలుంటాయి చూశారా, అవే సక్యులెంట్స్. మీ బాల్కనీలోనో, ఆఫీస్ డెస్క్ మీదో ఒకటైనా ఉండే ఉంటుంది. మన కలబంద కూడా ఆ బాపతే. నాకు బీటెక్ రోజుల నుంచీ వీటి పిచ్చి. ఆ పిచ్చితోనే మొన్న సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికా వెళ్లొచ్చాను.

ఊరికే ఫొటోలు చూపించి ఎపిసోడ్ ముగించేయొచ్చు. కానీ అక్కడ తిరుగుతున్నన్ని రోజులూ ఒకే ప్రశ్న నన్ను వదల్లేదు. ప్రతి మొక్కకీ దాన్ని కనిపెట్టినవాడని పుస్తకాల్లో ఒక పేరుంటుంది. మరి అంతకుముందు అక్కడ ఉన్నవాళ్లకి ఆ మొక్క తెలియదా? తెలుసు. చాలా బాగా తెలుసు. ఈ రోజు చెప్పబోయేది వాళ్ల వైపు కథ.

ముందు ప్లేస్ ఎక్కడో చూద్దాం. కేప్‌టౌన్ నుంచి ఉత్తరానికి సుమారు 550 కిలోమీటర్లు వెళ్తే స్ప్రింగ్‌బాక్ అనే ఊరొస్తుంది. ఆ చుట్టుపక్కల ప్రాంతం పేరు నమక్వాలాండ్. ఇంకా పైకి, నమీబియా బోర్డర్ దగ్గర ఉన్నది రిక్టర్స్‌వెల్డ్. శాస్త్రవేత్తలు ఈ మొత్తం బెల్టుని సక్యులెంట్ కరూ అంటారు. 6,000కి పైగా మొక్కల జాతులున్నాయి. వాటిలో దాదాపు 40 శాతం ప్రపంచంలో ఇంకెక్కడా పెరగవు.

ఎడారిలో ఇన్ని మొక్కలెలా అంటారా? అక్కడ వాన తక్కువే గానీ, చలికాలంలో దాదాపు ప్రతి ఏడూ పడుతుంది. పక్కనే అట్లాంటిక్ సముద్రంలో చల్లటి ప్రవాహం ఉంది, దానివల్ల తీరంలో పొగమంచు కమ్ముతుంది. ఆ కొద్ది తడినే మొక్కలు దాచుకుంటాయి. ఇంకో ట్రిక్ కూడా ఉంది. చాలా సక్యులెంట్స్ పగలు తమ ఆకుల రంధ్రాలు మూసేస్తాయి, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చి పెట్టుకుంటాయి. అంటే రాత్రి డౌన్‌లోడ్ చేసుకుని, పగలు ఆఫ్‌లైన్‌లో వాడుకోవడం అన్నమాట.

స్ప్రింగ్‌బాక్ పక్కనే గోగాప్ అనే నేచర్ రిజర్వ్ ఉంది. కొండ జీబ్రాలు, కత్తుల్లాంటి కొమ్ముల ఓరిక్స్ జింకలు తిరుగుతుంటాయి. వాటి వెనకాల రాళ్ల గుట్ట మీద బంగారు రంగు బెరడుతో, గొడుగులా కొమ్మలు చాచి ఒక చెట్టు కనిపిస్తుంది. దాని పేరు కోకర్‌బూమ్, అంటే అమ్ములపొది చెట్టు. తూర్పు వైపు వెళ్తే ఈ చెట్ల మీద గడ్డివాముల్లాంటి పెద్ద పెద్ద గూళ్లు కనిపిస్తాయి. మన గిజిగాడి చుట్టాలే అవి. కాకపోతే అపార్ట్‌మెంట్ కట్టుకుని వందల్లో కలిసి ఉంటాయి.

మన కథ ఈ చెట్టు దగ్గరే మొదలవుతుంది. 1685లో కేప్‌లో ఉన్న డచ్ కంపెనీ అధికారి సైమన్ వాన్ డెర్ స్టెల్ ఈ వైపు వచ్చాడు. మొక్కల కోసం కాదు, రాగి కోసం. అంతకు కొన్నేళ్ల ముందు నామా ప్రజలు కేప్ కోటకి రాగి తీసుకొచ్చారు. అది ఎక్కడ దొరుకుతుందో చూద్దామని బయల్దేరాడు. రాగి దొరికింది, కానీ అంత దూరం నుంచి మోసుకెళ్లే దారి లేదు. ఆ యాత్రలోనే ఈ చెట్టు గురించి రాసుకున్నారు. స్థానికులు దీని కొమ్మల్ని తొలిచి బాణాల పొదులు చేసుకుంటున్నారని. చెట్టు పేరు అలా వచ్చిందే. అంటే యూరప్‌వాడికి ఆ చెట్టు మొదటిసారి కనిపించినప్పటికే దాన్ని వాడే మనుషులు దాని పక్కనే ఉన్నారు.

ఇప్పుడు 1772కి వద్దాం. లండన్‌లో క్యూ గార్డెన్స్ వ్యవహారాలు చూస్తున్న జోసెఫ్ బ్యాంక్స్, ఫ్రాన్సిస్ మాసన్ అనే తోటమాలిని కేప్‌కి పంపాడు. కెప్టెన్ కుక్ ఓడలోనే వచ్చాడు. క్యూ తరఫున మొక్కలు సేకరించడానికి విదేశం వెళ్లిన మొదటి మనిషి ఇతనే. 1775లో అక్కడి నుంచి చేరిన ఒక సైకాడ్ మొక్క ఇప్పటికీ క్యూలో బతికే ఉంది.

మాసన్ 1796, 97లలో ఒక పుస్తకం వేశాడు. స్టెపీలియా అనే సక్యులెంట్స్ మీద. అందులో ఒక మొక్కకి గోర్డన్ పేరు పెట్టాడు. ఎవరీ గోర్డన్? డచ్ సైన్యం అధికారి. ఆ మొక్క బొమ్మ గీయించినవాడు. అక్కడి పెద్ద నదిని నామా వాళ్లు గరీప్ అనేవాళ్లు. దానికి డచ్ రాజవంశం పేరు మీద ఆరెంజ్ నది అని పేరు పెట్టింది కూడా ఇతనే. మొక్క పేరూ పోయింది, నది పేరూ పోయింది. ఈ మొక్కని ఇప్పుడు హూడియా అంటారు. గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడ మనకో లింక్ ఉంది. సరిగ్గా అదే రోజుల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టర్ మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కల బొమ్మలు గీయిస్తున్నాడు. ఆ పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది, అదే బ్యాంక్స్ పర్యవేక్షణలో. అందులో ఒక మొక్క మన మెట్ట గుట్టల్లో దొరికే కుందేటి కొమ్ములు. పచ్చిగా నమిలి తింటారు, పచ్చడీ చేస్తారు. హూడియాకి దగ్గరి చుట్టం. ఆ జాతిని ఇప్పుడు ప్రపంచమంతా కారల్లుమా అంటుంది. అది తెలుగువాళ్లు రాక్స్‌బర్గ్‌కి చెప్పిన పేరు నుంచే వచ్చింది. ఆ మొక్కకి మన మాట మిగిలింది. చెప్పిన మనిషి ఎవరో మాత్రం మిగల్లేదు.

1811లో ఇంకో సీన్. విలియం బర్చెల్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ప్రీస్కా దగ్గర నేల మీద వింతగా ఉన్న గులకరాయిని చూసి చేతిలోకి తీసుకున్నాడు. అది రాయి కాదు, మొక్క! ఇప్పుడు మనం లిథాప్స్ అంటున్న రాతి మొక్కల గురించి శాస్త్రంలో మొదటి రికార్డు అదే. ఆ పేరు 1922లో పెట్టారు. రాయి ముఖం అని అర్థం. జంతువుల కంట పడకుండా రాయిలా కనిపించడమే దాని రక్షణ. మనిషి నుంచి కాపాడుకోవడానికి మాత్రం ఆ తెలివి సరిపోలేదు.

ఇప్పుడు హూడియా దగ్గరికి వద్దాం. సాన్ ప్రజలు వేటకి వెళ్లేటప్పుడు ఆకలి, దాహం తెలియకుండా దీన్ని నమిలేవాళ్లు. 1990లలో దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకటి దానిలోని ఆ పదార్థం మీద పేటెంట్ తీసుకుంది. బరువు తగ్గించే మందు చేద్దామని విదేశీ కంపెనీలు లైసెన్స్ తీసుకున్నాయి. సాన్ వాళ్లని ఎవరూ అడగలేదు. విషయం బయటపడి గొడవయ్యాక 2003లో ఒప్పందం కుదిరింది. రాయల్టీలో 6 శాతం సాన్ వాళ్లకి ఇవ్వాలని. తర్వాత పెద్ద కంపెనీలు ప్రాజెక్ట్ వదిలేశాయి కాబట్టి అనుకున్నంత డబ్బు రాలేదు. కానీ ఆ తెలివి మీదే, దానికి మీకు వాటా ఉంది అని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అదే 2003 అక్టోబర్‌లో రిక్టర్స్‌వెల్డ్ నామా ప్రజలు ఇంకా పెద్ద కేసు గెలిచారు. 1920లలో అక్కడ వజ్రాలు దొరికాక వాళ్ల భూమి లాగేసుకున్నారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఏం చెప్పిందంటే, ఈ భూమి వాళ్ల సంప్రదాయ చట్టం ప్రకారం వాళ్లదే, కింద ఉన్న ఖనిజాలతో సహా అని. 2007లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కేవలం మొక్కల కోసం కాదు. మేకలు, గొర్రెలు తోలుకుంటూ, చాపలతో అల్లిన గుడిసెల్ని విప్పి మోసుకెళ్లే వాళ్ల బతుకు పద్ధతి కోసం కూడా.

రిక్టర్స్‌వెల్డ్‌లో నన్ను తిప్పిన గైడ్ నామా ఆయనే. వయసులో పెద్దాయన. ముళ్ల కాండం నిటారుగా లేచి, తలకాయ మాత్రం ఉత్తరానికి వంచుకున్న ఒక మొక్కని చూపించారు. పేరు హాఫ్‌మెన్స్, అంటే సగం మనిషి. నది దాటి దక్షిణానికి పారిపోయి వచ్చిన వాళ్లు సొంత ఊరి వైపు తిరిగి చూస్తూ అలాగే మొక్కలైపోయారని వాళ్ల కథ. చెప్పడం అయ్యాక నా ఫోన్ అడిగి తీసుకుని, "లొకేషన్ ఆపావా?" అన్నారు. అప్పటికే ఆపేశాను. అయినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్వయంగా చూసుకున్నాకే ముందుకి నడిచారు.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఈ కథ ఇంకా అయిపోలేదు. 2019 నుంచి అక్కడ మొక్కల దొంగతనం విపరీతంగా పెరిగింది. ముఖ్యంగా కోనోఫైటమ్ అనే బఠాణీ గింజంత, గోళీకాయంత మొక్కలు. కొన్ని జాతులు ఒకే ఒక్క కొండ మీద ఉంటాయి. ఒక గోనెసంచీ చాలు, జాతి మొత్తం అయిపోవడానికి. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఇంటి మొక్కల సరదా పెరిగింది, ఆన్‌లైన్‌లో గిరాకీ పెరిగింది. బయటి దేశాల స్మగ్లర్లు రాలేకపోయేసరికి, పనుల్లేని స్థానికుల చేతే తవ్వించారు. పోలీసులు పట్టుకున్నవే ఇప్పటికి పది లక్షలు దాటాయి. పట్టుకున్నవాటిని తిరిగి నాటేయొచ్చు కదా అనుకుంటాం. ఏ కొండ నుంచి తీశారో తెలియదు, రోగాలు అంటించుకుని ఉండొచ్చు. చాలావరకు షెడ్లలోనే చచ్చిపోతాయి.

ఒకప్పుడు బ్యాంక్స్ ఆర్డర్ ఇస్తే ఓడ కదిలేది. ఇప్పుడు ఆ ఆర్డర్ మన ఫోన్ నుంచి వెళ్తోంది. నష్టపోయేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే కొండ, ఆ కొండని నమ్ముకున్న అవే ఊళ్లు. తేడా ఏంటంటే, అప్పుడు ఎవరూ అడగలేదు. మనం అడగొచ్చు.

మొక్కలు కొనొద్దని నేను చెప్పను, నేనే కొంటాను. విత్తనం నుంచి నర్సరీలో పెంచిన లిథాప్స్, కోనోఫైటమ్‌లు దొరుకుతాయి. అవి చిన్నవిగా, శుభ్రంగా, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. గాట్లు పడి, వంకరటింకరగా, ముసలిదానిలా ఉన్న గుత్తిని "రేర్" అని అమ్ముతుంటే అనుమానించండి. విత్తనం నుంచి పెంచిందేనా అని అడగండి. అమ్మేవాడు మాట దాటేస్తే మీరూ ముందుకి జరగండి.

వీడియోలో ఒక్క చోట కూడా కొండ పేరు గానీ, మ్యాప్ గానీ చూపించలేదు గమనించారా? ఆ పెద్దాయనకి ఇచ్చిన మాట అది. దయచేసి లొకేషన్ అడగకండి. ఎవరు అడిగినా చెప్పను.

వచ్చే ఎపిసోడ్‌లో సామర్లకోటలో రాక్స్‌బర్గ్ ఏం చేశాడు, ఆ బొమ్మలు గీసిన మన చిత్రకారులెవరు, ఆ విషయం మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.