రిసీట్ ఎవరి పేర? హెచ్4 కుటుంబాల్లో పని హక్కు, నిరీక్షణ

డాలస్ శివారు ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే గుంటూరు వైపు మహిళ ఒకరు నాతో అన్న మాట ఈ వ్యాసానికి మూలం. “ఆయన రిసీట్ వస్తే ఆయన ఆఫీసుకెళ్తారు. నా రిసీట్ వస్తే నేను ఇంట్లో కూర్చుంటానండీ.” ఒకే ఇల్లు, ఒకే లాయరు, ఒకే కవరులో పంపిన దరఖాస్తులు. ఈ తేడాను పరిశోధకులు ఇన్నాళ్లూ భార్యాభర్తల మధ్య వ్యవహారంగానే చదివారు. అది సరైన చదువు కాదని నా అభిప్రాయం.

పల్లవి బెనర్జీ 2022లో వెలువరించిన ‘ది ఆపర్చునిటీ ట్రాప్’తోనే నా ప్రధాన పేచీ. టెక్ ఉద్యోగుల భార్యలను, నర్సుల భర్తలను పక్కపక్కన పెట్టి చూసిన మంచి పుస్తకమది. వీసా వ్యవస్థ ఇంటిలోపలికి ఎలా చొరబడుతుందో అంత ఓపికగా చెప్పినవారు తక్కువ. కానీ ఆ చట్రంలో ఆధారపడటం అంటే జీవిత భాగస్వామి వీసా మీద ఆధారపడటమే. అనుమతి లేనివారి దుఃఖం అక్కడ నిండుగా ఉంది. అనుమతి వచ్చి, మూడేళ్లు పనిచేసి, కార్డు గడువు తీరి, కొత్త కార్డు కోసం మళ్లీ పని మానుకున్నవారికి మాత్రం అందులో చోటు చాలలేదు. 2015 మే 26న హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఇచ్చే పని అనుమతి కార్డు) అమల్లోకి వచ్చాక మన ఆడవాళ్లలో చాలామంది బతుకు, అనుమతి ఉండటమూ లేకపోవడమూ కాని ఈ మూడో స్థితిలోనే నడుస్తోంది. బెనర్జీ పరికరాలతో దీన్ని కొలవలేం.

ముందు హెచ్1బీ సంగతి. గడువులోగా కంపెనీ ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత గడువు తీరాక కూడా 240 రోజులు అదే కంపెనీలో పని చేసుకోవచ్చు. కంపెనీ మారేవారికి 2000 అక్టోబరు నాటి చట్టం ఇంకా ఉదారమైనది: కొత్త ఎంప్లాయర్ పిటిషన్ దాఖలైతే చాలు, అప్రూవల్ కోసం ఆగకుండా చేరిపోవచ్చు. అదనంగా ప్రీమియం ఫీజు కడితే పదిహేను పనిదినాల్లో జవాబు. ఇక్కడ నిరీక్షణ పేరుకే ఉంది, జీతం ఆగదు.

హెచ్4 దారి వేరు. భర్త పిటిషన్ తేలాలి, దాని మీద భార్య హెచ్4 పొడిగింపు తేలాలి, దాని మీద ఈఏడీ తేలాలి. మొదటి మెట్టుకు ప్రీమియం ఉంది, మిగతా రెంటికీ లేదు. గడువుకు ఆరు నెలల ముందు తప్ప దరఖాస్తు పెట్టనివ్వరు కనుక, పరిశీలన ఆరు నెలలు దాటిందంటే పని ఆగినట్టే. 2019 మార్చిలో హెచ్4 పొడిగింపుకు వేలిముద్రలు తప్పనిసరి చేయడంతో వరుస ఇంకా సాగింది. 2021 మేలో ఆ నిబంధనను పక్కన పెట్టారు. అంతకు ముందు, 2017 జనవరి దాకా, ఈఏడీ దరఖాస్తును 90 రోజుల్లో తేల్చాలన్న నియమం కాగితం మీదైనా ఉండేది. దాన్ని తీసేసి, కొన్ని వర్గాలకు 180 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు ఇచ్చారు. ఆ జాబితాలో హెచ్4 లేదు.

2021 నవంబరులో కోర్టు రాజీతో హెచ్4కీ ఆ పొడిగింపు దక్కింది. తర్వాత అది 540 రోజులకూ పెరిగింది. మన సంఘాలు పండగ చేసుకున్నాయి. అయితే రాజీలో ఒక షరతు: ఐ-94 (దేశంలో ఉండే గడువు చూపే పత్రం) గడువు ఎంతవరకో పొడిగింపూ అంతవరకే. సాధారణంగా ఈఏడీ గడువు, ఐ-94 గడువు ఒకే తేదీన ముగుస్తాయి. అంటే 540 రోజుల పొడిగింపు మొదలవ్వాల్సిన రోజునే అయిపోయేది! దీన్ని దాటడానికి లాయర్లు చెప్పిన ఉపాయం, భర్త అప్రూవల్ రాగానే ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని కొత్త ఐ-94తో తిరిగి రావడం. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో అపాయింట్‌మెంట్ దొరికి, స్లాట్ తేదీలూ పిల్లల స్కూలు సెలవులూ కలిసి, విమానం టికెట్లు భరించగలిగితే. డబ్బున్న ఇల్లు నిరీక్షణను ప్రయాణంగా మార్చుకునేది. మిగతా ఇళ్లు సెలవు పెట్టుకునేవి.

ఈ సెలవులో పని నిజంగా ఆగుతుందా? నేను మాట్లాడినవారి మాటల్లో అలా అనిపించలేదు. ఐ-9 ఫారంలో (పని అర్హత పత్రంలో) రాసిన గడువు తీరగానే హెచ్ఆర్ ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుంటుంది, బ్యాడ్జి ఆగిపోతుంది. మర్నాడు మాత్రం టీమ్‌లో ఎవరో ఫోన్ చేసి “ఆ ఫైలు ఎక్కడ పెట్టారు?” అని అడుగుతారు. జవాబు చెప్పడం పని చేసినట్టా కాదా అన్న భయంతో కొందరు ఫోన్ ఎత్తరు, ఎత్తితే ఏమవుతుందోనని లాయరును అడగడానికీ జంకుతారు. డేకేర్ సీటు పోకుండా ఫీజు మాత్రం కడుతూనే ఉంటారు. సర్టిఫికేషన్ పరీక్షకు రాత్రిళ్లు చదువుతారు. ఉద్యోగాన్ని ఉద్యోగంగా నిలబెట్టే శ్రమంతా సాగుతూనే ఉంది, జీతం ఒక్కటే లేదు. భాగస్వామి సంపాదన మీద ఆధారపడటం అన్న పదజాలంతో ఇదెలా పట్టుబడుతుంది?

నా వాదన ఇది. నిరీక్షణలో పని హక్కు ఎవరికి దక్కాలో నిర్ణయించేది ఆడా మగా అన్నది కాదు, దరఖాస్తు ఎవరి పేరున దాఖలైందన్నదే. యజమాని పేర వెళ్లిన కాగితం దాఖలైన క్షణం నుంచే అనుమతిలా చెల్లుతుంది. ఉద్యోగే స్వయంగా పెట్టుకున్న కాగితం కేవలం రశీదు. కంపెనీ బదిలీపై వచ్చినవారి జీవిత భాగస్వాములకు (ఎల్2) 2021 నుంచి కార్డుతో పనిలేకుండా పని హక్కు ఉందనీ, గ్రీన్‌కార్డు దరఖాస్తుదారులు సొంత పేరు మీదే పొడిగింపు పొందారనీ ఎవరైనా ఎత్తిచూపవచ్చు, అవి మినహాయింపులు.

ఈ సూత్రం కొత్తది కూడా కాదు. రంగూన్ రేవులకూ బియ్యం మిల్లులకూ వెళ్లిన గోదావరి, విశాఖ కూలీల చేతికి పని వచ్చింది మేస్త్రీ పేర. పడవ ఖర్చుకు అడ్వాన్సు అతనిది, మజూరీ అతని చేతిమీదుగానే. శియాంగ్ బియావ్ 2007 పుస్తకంలో హైదరాబాద్, సిడ్నీల బాడీషాపుల్లో (ఐటీ ఉద్యోగులను కంపెనీలకు సరఫరా చేసే సంస్థల్లో) పని కోసం బెంచి మీద కూర్చున్న కుర్రాళ్లను చూపించింది ఆ మేస్త్రీ వారసత్వాన్నే అంటాను. తెలుగువారి సముద్రాంతర వలసను మొత్తంగా ఈ కోణంలో తిరిగి రాయాల్సి ఉంది.

అనుమానం ఉన్నవారు 2025 అక్టోబరు 30 నాటి ఉత్తర్వు చూడవచ్చు. ఆ తేదీ నుంచి దాఖలయ్యే ఈఏడీ రెన్యువల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు రద్దయింది. గ్రీన్‌కార్డు వరుసలో ఉండి సొంతంగా రెన్యువల్ వేసుకునేవారూ హెచ్4 వారి సరసన చేరారు. ఎంప్లాయర్ వేసే హెచ్1బీ ఎక్స్‌టెన్షన్‌కున్న 240 రోజులనూ, కంపెనీ మారే సౌకర్యాన్నీ మాత్రం ఆ ఉత్తర్వు ముట్టుకోలేదు.