సౌత్ కరోలినా ప్రైమరీ: నల్లజాతి ఓటర్ల తీర్పు

అమెరికాలో డెమోక్రటిక్ పార్టీ పెద్దలను ఎదిరించి అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడేవారికి సౌత్ కరోలినా ప్రైమరీ కఠిన పరీక్ష. అక్కడ ఆ పార్టీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతీయులే. 2016లో శ్వేతజాతీయులు అత్యధికంగా ఉన్న న్యూ హాంప్‌షైర్‌లో సుమారు 60 శాతం ఓట్లతో నెగ్గిన సెనేటర్ బెర్నీ శాండర్స్, మూడు వారాలైనా గడవకముందే ఇక్కడ 26 శాతానికి పరిమితమయ్యారు. నల్లజాతి చర్చిలతో, స్థానిక నాయకులతో హిల్లరీ క్లింటన్ కుటుంబానికి ఉన్న దశాబ్దాల అనుబంధం ముందు ఆర్థిక అసమానతలపై ఆయన వాదన నిలవలేదు. మైనారిటీలందరినీ ఒకే గాటన కట్టలేం: 2020లో నెవాడాలో లాటినోల అండతో గెలిచిన శాండర్స్, వారానికే సౌత్ కరోలినాలో జో బైడెన్ చేతిలో ఓడారు. కొత్తవారిని ఈ రాష్ట్రం ఎన్నడూ ఆదరించలేదనీ అనలేం. 2008లో క్లింటన్‌ను కాదని బరాక్ ఒబామాకు 55 శాతం ఓట్లిచ్చింది. అంతకుముందు అయోవాలో ఆయన సాధించిన విజయంతో, శ్వేతజాతీయులూ ఆయనకు ఓటేస్తారన్న నమ్మకం నల్లజాతి ఓటర్లకు కుదిరింది.