రహదారి: సుంకం పేరు బాటకు పేరైన చరిత్ర - పుంగనూరు సీమ నేపథ్యం

వ్యాససంగ్రహం:

బాటపై వెళ్ళేవారి నుండి సొమ్ము వసూలు చేసే పద్ధతి తెలుగునాట కొత్తది కాదు. కాకతీయుల మోటుపల్లి శాసనం మొదలు నేటి టోల్ ప్లాజా వరకు అది పేరు మార్చుకుంటూ కొనసాగింది. వసూలుదారుకు బాటపట్ల గల బాధ్యత మాత్రం కాలానుగుణంగా మారుతూ వచ్చింది. చిత్తూరు ప్రాంతంలోని పుంగనూరు, సోమల, మదనపల్లె, కుప్పం పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, సుంకానికి సంబంధించిన పదజాలం, శాసనాలు, పాలెగాళ్ళ కావలి వ్యవస్థ, వలసపాలన చట్టాలు, నేటి నిబంధనల ఆధారంగా ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. టోలుపై స్థానికులు లేవనెత్తుతున్న అభ్యంతరానికి చారిత్రక మూలం రుసుము మొత్తంలో కంటే, రుసుముకూ బాధ్యతకూ మధ్య తెగిన సంబంధంలో ఉందని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుంకం, రహదారి, కావలి, పాలెగాళ్ళు, టోలుగేటు, పుంగనూరు, సోమల, మదనపల్లె.

1. పరిచయం:

సోమల పుంగనూరు శాసనసభ నియోజకవర్గానికి చెందిన మండలకేంద్రం. చుట్టూ కొండలు, చెరువులు, టమోటా పొలాలు, మామిడితోటలు ఉన్న ప్రాంతమిది. ఇక్కడి రైతుకు మదనపల్లె టమోటా మార్కెట్టు, పుంగనూరు సంత, చిత్తూరు, తిరుపతి పట్టణాలు నిత్యావసరాలు. ఊరి నుండి బయలుదేరిన సరకు కొంతదూరం మండల రోడ్లపై సాగి, ఏదో ఒకచోట పెద్దరోడ్డును చేరుకోవాలి. అనంతపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే 42వ జాతీయ రహదారి ఈ సీమకు వెన్నెముక వంటిది. చిత్తూరు, పలమనేరుల మీదుగా కోలారు వైపు వెళ్ళే రహదారి, మదనపల్లె నుండి పీలేరు మీదుగా తిరుపతికి వెళ్ళే రహదారి దీనికి తోడైనవి.

పెద్దరోడ్డు వస్తే ఊరు బాగుపడుతుందన్నది ఒక వాదం. రోడ్డు దూరప్రయాణికులకోసం వేసి, దగ్గరివారి నుండి కూడా సొమ్ము అడగడం న్యాయం కాదన్నది మరొక వాదం. జాతీయ రహదారుల పొడవునా ఉన్న ఊళ్ళలో ఈ రెండు వాదాలూ వినబడతాయి. ఇవి టోల్ ప్లాజాలతో పుట్టినవి కావు. వీటి పూర్వరూపాలు తెలుగు పదాల్లోనూ, శాసనాల్లోనూ, చట్టాల్లోనూ ఉన్నాయి.

2. పదచరిత్ర:

'సుంకం' సంస్కృత 'శుల్క' శబ్దానికి తద్భవం. దానిని వసూలు చేసేవాడు 'సుంకరి'. సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకోవడం అనే సామెత, వసూలు చేసేవాడికి వినే బాధ్యత లేదన్న లోకానుభవానికి సాక్ష్యం. సంతల్లో వసూలు చేసే రుసుముకు 'ఆశీలు' అనే మాట నేటికీ వాడుకలో ఉంది. వేలంలో ఆశీలు హక్కు పాడుకున్నవాడు ఆ ఏడాదికి సంతకు యజమాని వంటివాడు.

వీటన్నిటికంటె ఆసక్తికరమైనది 'రహదారి' అనే పదం. పారశీకంలో 'రాహ్' అంటే బాట. 'దారీ' అంటే పట్టి ఉండడం, కాపాడడం. బాటను కాపాడినందుకు తీసుకునే రుసుము, ఆ బాటపై వెళ్ళడానికిచ్చే అనుమతిపత్రం అనే అర్థాల్లో మొగలుల పాలనలో 'రాహ్‌దారీ' ప్రసిద్ధం. ఔరంగజేబు తన పాలన తొలినాళ్ళలో ఈ పన్నును రద్దుచేస్తూ ఉత్తర్వు జారీచేయడం చరిత్రకు తెలిసిన విషయమే. ఈ మాట తెలుగులోకి వచ్చిన తరువాత, మన 'దారి' శబ్దంతో ధ్వనిసామ్యం కలగడంవల్ల కాబోలు, పన్ను అర్థం మరుగునపడి బాట అర్థమే స్థిరపడింది. నేడు 'జాతీయ రహదారి' అనేవారికి తాము ఒక పాత పన్ను పేరు పలుకుతున్నామన్న స్పృహ ఉండదు. పదం తన మూలార్థంలో ఒక ఒప్పందాన్ని దాచుకొని ఉంది: కాపలా ఉన్నచోటే రుసుము.

ఈ సందర్భంలో స్మరించదగినది 'ఘట్టకుటీ ప్రభాత న్యాయం'. సుంకం ఎగవేయాలని రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలిన వర్తకుడికి తెల్లవారేసరికి ఎదుట సుంకపు పాకే కనబడిందన్నది దాని భావం. తప్పించుకోదలచిన చోటికే చేరుకోవడాన్ని చెప్పడానికి శాస్త్రగ్రంథాల్లో, వ్యాఖ్యానాల్లో దీనిని ప్రయోగించారు. టోల్ ప్లాజాను తప్పించడానికి ఊళ్ళ మధ్యనున్న ఇరుకురోడ్లలోకి వాహనాలు మళ్ళే నేటి దృశ్యానికి ఇది బాగా సరిపోతుంది. న్యాయంలో నష్టపోయినవాడు వర్తకుడు. నేడు అడ్డదారి పక్కన ఇల్లున్నవాడు.

3. శాసనాల్లో సుంకం:

కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (శక 1166, క్రీ.శ. 1244) సుంకాల చరిత్రలో మొదట చెప్పుకోవలసినది. తుపానులో చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయమిచ్చాడు. సామాన్యంగా ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు, కొన్ని సరకులకు విడిగా రేట్లు శిలపై చెక్కించాడు. అదే రేవులో 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మరొక శాసనం వేయించి వర్తకులకు రాయితీలు ప్రకటించాడు. ఈ రెండు శాసనాల్లోనూ గమనించవలసిన అంశం ఒకటుంది. రేటు బహిరంగంగా ప్రకటించబడింది. పాలకుడు తనను తాను ఆ రేటుకు కట్టుబడేలా చేసుకున్నాడు. సుంకం తగ్గింపు వాణిజ్యాభివృద్ధికి సాధనమన్న ఆలోచన కూడా వీటిలో స్పష్టంగా ఉంది.

విజయనగరకాలపు శాసనాల్లో స్థలాదాయం, మార్గాదాయం, మామూలాదాయం అనే మూడు విధాల సుంకాలు కనిపిస్తాయి. సంతలో అమ్మకంపై వచ్చేది మొదటిది, బాటపై సాగే సరకు నుండి వచ్చేది రెండవది. ఈ ఆదాయాలను గుత్తకివ్వడం సాధారణం. పదహారవ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజధాని ప్రధానద్వారం వసూలు హక్కును ఏడాదికి 12,000 వరహాలకు గుత్తకిచ్చారని, గుత్తదారు అడిగినంత చెల్లించక లోపలికి పోవడం ఎవరికీ సాధ్యం కాదని రాశాడు. స్వదేశీయులకూ పరదేశీయులకూ అదే పద్ధతి. మోటుపల్లిలో రేటు రాతిపై ఉంది; విజయనగర ద్వారంవద్ద రేటు గుత్తదారు నోట ఉంది. ఈ రెండింటి మధ్య తేడాయే తరువాతి వివాదాలన్నిటికీ బీజం.

వీటికి భిన్నమైనది 'మగమ'. వర్తకసంఘాలు దేవాలయాల నిర్వహణకోసం తమ సరకుపై తామే విధించుకున్న రుసుమది. ఎంత ఇవ్వాలో, ఎందుకు ఇవ్వాలో చెల్లించేవారే నిర్ణయించుకున్నారు. కాబట్టి బాటలపై, బజారులపై రుసుమును తెలుగుసమాజం మొత్తంగా తిరస్కరించిందనడం సరికాదు. సమ్మతి ఉన్నచోట అది ధర్మకార్యంగానే సాగింది.

4. పాలెగాళ్ళ కావలి:

పుంగనూరు సీమకు ఈ చరిత్రలో ప్రత్యేకస్థానం కల్పించేది కావలి వ్యవస్థ. పుంగనూరును చిక్కరాయల వంశీయులు ఏలగా, దాని చుట్టుపక్కల కంగుంది, కల్లూరు, పులిచెర్ల, నరగంటి, పాకాల మొదలైన చిత్తూరు పాలెములు ఉండేవి. కంగుంది నేటి కుప్పం ప్రాంతంలోనిది. కల్లూరు, పులిచెర్లలు సోమలకు సమీపంలోనివి. తూర్పున ఆర్కాటు మైదానాన్నీ పడమట మైసూరు పీఠభూమినీ కలిపే కనుమదారులు ఈ పాలెములగుండా పోయేవి. గ్రామాలనుండీ బాటసారులనుండీ కావలి రుసుము తీసుకోవడం పాలెగాళ్ళ హక్కు. ప్రతిగా తమ హద్దులో దొంగతనం జరిగితే సొమ్ము రాబట్టడం, రాబట్టలేకపోతే నష్టం భర్తీచేయడం వారి బాధ్యతగా సంప్రదాయం భావించింది.

ఆచరణలో ఈ వ్యవస్థ ఎంతో హింసకూ దౌర్జన్యానికీ తావిచ్చింది. కాపాడేవాడే దోచుకున్న సందర్భాలు తక్కువేమీ కావు. దానిని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు ద్రోహం. అయినా సూత్రరీత్యా రుసుమూ బాధ్యతా ఒకే చేతిలో ఉన్నాయి. 'రాహ్‌దారీ' పదంలోని మూలార్థం ఇదే. 1801లో కర్ణాటక రాజ్యపాలన కంపెనీకి సంక్రమించడంతో చిత్తూరు పాలెములు కూడా దాని అధీనమయ్యాయి. కావలి హక్కులను తొలగించి కంపెనీ తన పోలీసు వ్యవస్థను నెలకొల్పింది. 1804-05లో చెలరేగిన చిత్తూరు పాలెగాళ్ళ తిరుగుబాటుకు గల కారణాల్లో ఈ హక్కుల రద్దు ఒకటి.

5. సాయరు నుండి టోలుగేటు వరకు:

కంపెనీ పాలనలో సరకుల రవాణాపై సుంకాలు 'సాయరు' పేరుతో కొనసాగాయి. దారిపొడవునా సుంకపు చౌకీలు, అక్కడ తనిఖీలు, ఆలస్యాలు వర్తకులకు నిత్యబాధలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రను వివరించే గ్రంథం ఆనాటి బాటలకు, మజిలీలకు తెలుగులో లభిస్తున్న అమూల్యమైన ఆధారం. మద్రాసు రాజధానిలో లోతట్టు రవాణాసుంకాలు 1844 నాటి 6వ చట్టంతో రద్దయ్యాయి.

సరకుపై సుంకం పోయిన కొద్దికాలానికే బండిపై టోలు వచ్చింది. ప్రభుత్వవ్యయంతో నిర్మించిన లేదా బాగుచేసిన రోడ్లపై, వంతెనలపై టోలు విధించే అధికారాన్ని 1851 నాటి 8వ చట్టం కల్పించింది. ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించినా సిద్ధాంతరీత్యా పెద్దది. అంతకుముందు చెల్లింపుకు కారణం సరకు. ఇకపై కారణం రోడ్డు. రోడ్డు ఉంటేనే, బాగుంటేనే టోలు న్యాయమవుతుంది.

ఆ కాలంలోనే అభివృద్ధి అన్న మాట రాజకీయవాదంగా రూపుదిద్దుకుంది. గాజుల లక్ష్మీనరసుసెట్టి ప్రోద్బలంతో 1852లో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన వినతిలో పన్నుల భారంతోపాటు ప్రజోపయోగ నిర్మాణాల లోపాన్ని కూడా ఎత్తిచూపింది. కట్టిన పన్ను రోడ్డుగా తిరిగి రావాలన్నది దాని సారాంశం.

1871 నాటి స్థానికనిధుల చట్టం, 1884 నాటి స్థానిక బోర్డుల, పురపాలక చట్టాలు టోలుగేట్లను స్థానికసంస్థల చేతికి తెచ్చాయి. గేట్లను కంట్రాక్టర్లకు వేలం వేసేవారు. గుత్త పద్ధతి పోలేదు గాని, వచ్చిన సొమ్ముకూ రోడ్డు మరమ్మతుకూ జవాబు చెప్పవలసిన సంస్థ అదే తాలూకాలో, అదే జిల్లాలో ఉండేది. అప్పటికి పుంగనూరు ఉత్తరార్కాటు జిల్లాలోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి రెండూ ఒకే పాలన కిందికి వచ్చాయి.

మోటారు బస్సులు వచ్చాక ప్రతి గేటు వద్దా ఆగి చెల్లించడం దుర్భరమైంది. 1931 నాటి మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం మోటారు వాహనాలపై టోలును తొలగించి, రాజధాని అంతటికీ ఒకే పన్ను విధించి, స్థానికసంస్థలకు నష్టపరిహారం ఏర్పాటు చేసింది. ప్రయాణికుడికి ఇది మేలు. స్థానికసంస్థకు మాత్రం తన రోడ్డుపై తనకున్న ఆర్థికాధికారం పైవారిచ్చే పరిహారంగా మారింది.

6. టోల్ ప్లాజా, స్థానికుడు:

దాదాపు ఒక తరం పైగా మరుగునపడిన టోలు, నాలుగు వరుసల జాతీయ రహదారులతో మళ్ళీ వచ్చింది. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు దీనికి ఆధారం. రెండు ప్లాజాల మధ్య సామాన్యంగా 60 కిలోమీటర్ల దూరం ఉండాలని, ప్లాజా పట్టణపు హద్దుకు 10 కిలోమీటర్ల ఆవల ఉండాలని ఇవి చెబుతాయి, మినహాయింపులూ ఉన్నాయి. 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత వాహనాలకు, వ్యాపారేతర వినియోగానికి నెలవారీ పాసు ఉంది. 2007-08 ఆధారసంవత్సరంగా దాని ధర 150 రూపాయలు, ఏటా సవరణకు లోబడి ఉంటుంది. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరైంది. 2025 ఆగస్టు 15 నుండి సొంత కార్లకు 3,000 రూపాయలకు 200 ప్రయాణాల వార్షికపాసు అమలులోకి వచ్చింది.

స్థానికుడు బాటసారి కాడన్న వాదాన్ని ఈ నిబంధనలు పూర్తిగా తోసిపుచ్చలేదనడానికి నెలపాసే నిదర్శనం. అయితే స్థానికుడంటే ఎవరన్న ప్రశ్నకు అవి చెప్పిన సమాధానం సొంత కారు గలవాడు. టమోటా పెట్టెలతో మార్కెట్టుకు పోయే చిన్న లారీ వ్యాపారవాహనం. నెలపాసు దానికి వర్తించదు. జిల్లాలో రిజిస్టరైన వ్యాపారవాహనాలకు రాయితీ ఉన్నా అది ప్లాజా ఉన్న జిల్లాకే పరిమితం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజన పొందినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా పుంగనూరు, సోమల చిత్తూరు జిల్లాలో మిగిలాయి. 1911లో కలిసిన సీమ పాలనాపరంగా అప్పుడు మళ్ళీ విడిపోయింది. రైతు వెళ్ళే మార్కెట్టు మారలేదు. జిల్లా గీత మారింది. రాయితీని జిల్లా గీతకు ముడిపెట్టిన నిబంధనకు ఈ చరిత్ర తెలియదు. లారీ అద్దెలో కలిసిపోయిన రుసుము చివరకు రైతు చేతికి వచ్చే ధరలో కోతగా దిగే అవకాశం ఉంది. టమోటా ధర పడిపోయిన రోజున ఆ కోత చిన్నది కాదు.

టోలును సమర్థించే వాదానికీ బలముంది. నాలుగు వరుసల రోడ్డు ప్రయాణకాలాన్ని తగ్గించింది. త్వరగా పాడయ్యే కాయగూరలకు కాలమే ధర. ఆ రోడ్డుపై ఎన్నడూ వెళ్ళనివారి పన్నుతో దానిని పోషించడంకంటె వాడుకునేవారే చెల్లించడం సమంజసమనే తర్కాన్ని తేలికగా తీసివేయలేము. ద్విచక్రవాహనాలకు, ట్రాక్టర్లకు సామాన్యంగా రుసుము లేకపోవడం కూడా గమనించదగినదే.

చిక్కు గుత్తవద్ద వస్తుంది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వసూలు హక్కును 2023లో 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ళపాటు లీజుకిచ్చినప్పుడు చెలరేగిన చర్చలో రుసుము రేటుకంటె లీజు మొత్తం, దాని కాలపరిమితి ప్రధానాంశాలయ్యాయి. నూనిజ్ చెప్పిన నగరద్వారపు గుత్తకూ దీనికీ ఒక మౌలికభేదం ఉంది: నేడు రేటు నిబంధనల్లో ఉంది, గుత్తదారు ఇష్టానికి వదలలేదు. పోలిక మరొకచోట ఉంది. మూడు దశాబ్దాల ఆదాయాన్ని ముందే తీసుకున్న ప్రభుత్వానికీ, రోజూ ఆ రోడ్డెక్కే నివాసికీ మధ్య ముఖాముఖి సంబంధం పలచబడుతుంది. గోతి పడితే ఎవరిని అడగాలో తెలియని స్థితి సుంకరి సామెతను మళ్ళీ గుర్తుచేస్తుంది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. తెలుగుసమాజం బాటరుసుమును సూత్రరీత్యా వ్యతిరేకించలేదు. బహిరంగ రేటు (మోటుపల్లి), సమ్మతి (మగమ), రక్షణబాధ్యత (కావలి) అనే మూడు షరతులతో దానిని అర్థం చేసుకుంది.

2. 1844-1851 మధ్య చెల్లింపుకు ఆధారం సరకు నుండి రోడ్డుకు మారింది. రోడ్డు నాణ్యత గురించి ప్రశ్నించే హక్కుకు చట్టపరమైన తర్కం అక్కడే ఏర్పడింది.

3. 1871-1931 మధ్య వసూలూ నిర్వహణా స్థానికసంస్థల పరిధిలో ఉన్నాయి. ఆ సామీప్యం 1931 తరువాత తగ్గింది. జాతీయ రహదారుల టోలు విధానంలో మరింత దూరమైంది.

4. నేటి రాయితీలు స్థానికుడిని గుర్తించినా, కారుగల నివాసిని గుర్తించినంతగా సరకు తోలే రైతును గుర్తించలేదు. రాయితీకి జిల్లా సరిహద్దు కంటె మార్కెట్టు పరిధి ప్రాతిపదిక కావడం ఈ సీమ చరిత్రకు అనుగుణంగా ఉంటుంది.

'రహదారి' అనే మాటలో పన్ను మరుగునపడి బాట మిగిలింది. సోమల నుండి మదనపల్లెకు టమోటా తోలే రైతు అడుగుతున్నది ఆ పదంలోని మూడవ అర్థాన్ని. బాటకు కావలి ఉన్నవాడెవడో, అతడు తనకు ఎక్కడ జవాబు చెబుతాడో తెలియాలన్నది అతని ప్రశ్న. రుసుము ఎంత అన్నది దాని తరువాతి విషయం.